రథం కాలితే చర్చి మీద రాయి ఎందుకు?

(హనుమాన్ జంక్షన్‌లో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచిన కుర్రాళ్లు "గుళ్లు, చర్చిలు, మసీదులు తగలబెట్టేవాళ్లు ఎందుకు తగలబెడతారు మాస్టారూ, దాని మీద మాట్లాడండి" అన్నారు. నేను పోలీసును కాను, మానసిక వైద్యుణ్ణీ కాను. ముప్పై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి, యూనియన్ జెండా పట్టుకు తిరిగినవాణ్ణి. నాకు తెలిసినంతవరకే చెబుతాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది. దానితోనే మొదలుపెడతాను.

మనం కూర్చున్న ఈ జంక్షన్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఒక దారి బెజవాడకు, ఒకటి ఏలూరుకు, ఒకటి నూజివీడుకు, ఒకటి గుడివాడకు. నడిమధ్యన ఆంజనేయస్వామి. ఊరి పేరే ఆయనది. లారీ డ్రైవర్లు ఇక్కడికి రాగానే స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి దణ్ణం పెడతారు. ఫిబ్రవరి వచ్చిందంటే ఇదే సెంటర్లో బస్సెక్కి గుణదల మేరీమాత తిరునాళ్లకు పోయి, తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి వచ్చే హిందువుల ఇళ్లు మన చుట్టుపక్కల ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి. కొండపల్లి షాబుఖారి దర్గా ఉరుసుకు పోయేవాళ్లంతా ముస్లిములేనా? కాదు కదా. మరి ఇలాంటి నేల మీద బాంబు పేలిందంటే ఏమనుకోవాలి?

పేలింది. 2000 సంవత్సరం మే 21న గుడివాడ దారిన పోతే వచ్చే బందరులో, క్రైస్తవుల సభ దగ్గర. జూన్ 8న ఒకేరోజు ఒంగోలులో జ్యూయెట్ మెమోరియల్ బాప్టిస్టు చర్చిలో, ఏలూరు దాటితే వచ్చే తాడేపల్లిగూడెంలో క్యాథలిక్ చర్చిలో, గోవాలో వాస్కో దగ్గరి చర్చిలో. ఇక్కణ్ణుంచి బందరు ఎంత దూరం? గూడెం ఎంత దూరం? రెండువైపులా మంట, మధ్యలో మనం.

ఆ మర్నాడు ఈ సెంటర్లో టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లలో ఎవరికీ సందేహం లేదు. "ఇంకెవరు చేస్తారండీ?" అన్నారు. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. 1998 క్రిస్మస్ రోజుల్లో గుజరాత్‌లోని డాంగ్స్ జిల్లాలో చర్చిల మీద దాడులు జరిగాయి. 1999 జనవరిలో ఒరిస్సాలో గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు పసిబిడ్డలను జీపులో సజీవదహనం చేశారు. ఆ గాలి ఇంకా పోలేదు. మా యూనియన్ తరఫున ఖండన కరపత్రం రాసే పని నాకిచ్చారు. నేను రాశాను. ఉత్త ఖండనతో ఆపలేదు. ఎవరు చేశారో కూడా రాసేశాను. హిందూ సంస్థల పేర్లు పెట్టి మరీ రాశాను. వెయ్యి కాపీలు వేసి పంచాం. అప్పుడు నాకు చాలా గర్వంగా ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి!

సరిగ్గా నెల తిరిగింది. జూలై 8న హుబ్లీలో చర్చిలో బాంబు. జూలై 9 రాత్రి బెంగళూరులో మరో చర్చిలో బాంబు. అదే రాత్రి బెంగళూరు మాగడి రోడ్డులో ఒక వ్యాను తనంతట తాను పేలిపోయింది. బాంబులు మోసుకుపోతున్న వ్యాను అది. అందులోని ఇద్దరు చచ్చిపోయారు, ఒకడు బతికాడు. ఆ తీగ లాగితే డొంకంతా కదిలింది. వాళ్లు హిందూ సంస్థల వాళ్లు కారు. హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ కేంద్రంగా ఉన్న దీన్‌దార్ అంజుమన్ అనే సంస్థకు చెందినవాళ్లు. చర్చిల మీద బాంబులు పెడితే ఆ నింద హిందువుల మీద పడుతుంది, ఇద్దరూ కొట్టుకు చస్తారు, అదీ లెక్క అని దర్యాప్తులో తేలింది. 2001లో కేంద్రం ఆ సంస్థను నిషేధించింది. 2008లో బెంగళూరు ప్రత్యేక కోర్టు 23 మందిని దోషులుగా తేల్చింది.

ఇక్కడొక వింత చెప్పాలి. ఆ సంస్థను 1920ల్లో పెట్టిన సిద్దిక్ దీన్‌దార్ తనను తాను చెన్నబసవేశ్వరుడి అవతారంగా చెప్పుకున్నాడు. అన్ని మతాలూ ఒకటేనని సభలు పెట్టడం ఆ సంస్థకు ఆనవాయితీ. ఇస్లాంలో ఉలేమాలు చాలామంది వాళ్లను తమవాళ్లుగా ఒప్పుకోలేదు. అందుకని ఎవరైనా "అయితే ముస్లిములు చేశారన్నమాట" అని ఇప్పుడు మొదలుపెడితే, వాళ్లు నా పాత కరపత్రాన్నే పేరు మార్చి మళ్లీ వేస్తున్నట్టు.

వ్యాను పేలిన తర్వాత మేం ఏం చేశాం? ఏమీ చేయలేదు. రెండో కరపత్రం వేయలేదు. "పొరబడ్డాం" అని ఒక్క ముక్క రాయలేదు. యూనియన్‌లో ఒకాయన అడిగాడు కూడా. "ఇప్పుడెందుకులే, జనం మరిచిపోయారు" అన్నాను నేను. నిజానికి జనం మరిచిపోలేదు. మొదటి కరపత్రంలో ఉన్నదే గుర్తుపెట్టుకున్నారు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఎందుకు చేస్తారు?

మీరనుకున్నంత గొప్ప కారణాలు చాలాసార్లు ఉండవు. మన రాష్ట్రంలో గుళ్లకు జరిగే నష్టంలో దొంగతనం వాటా చిన్నదేం కాదు. హుండీ కోసం వస్తారు. గుప్తనిధుల పిచ్చితో వస్తారు. నంది కింద వజ్రాలున్నాయని, ధ్వజస్తంభం కింద బంగారం ఉందని ఎవడో మంత్రగాడు చెబితే అర్ధరాత్రి గడ్డపారతో తవ్వేస్తారు. తెల్లారి చూస్తే నంది ముక్కలు. బెజవాడ దుర్గమ్మ వెండి రథానికి నాలుగు సింహాలుండేవి. మూడు కనిపించడం లేదని 2020 సెప్టెంబరులో బయటపడింది. ఎన్ని సభలు, ఎన్ని ధర్నాలు! చివరికి 2021 జనవరిలో పోలీసులు ఒక పాత దొంగను పట్టుకున్నారు. సింహాలను విరిచి, వెండి అమ్ముకున్నాడు. వాడికి అమ్మవారి మీద కోపమూ లేదు, భక్తీ లేదు. వెండి తూకం ఎంత అన్నదొక్కటే వాడి లెక్క.

కోపం లేకుండానే పోయిన పెద్ద క్షేత్రం మన కృష్ణ ఒడ్డునే ఉంది. అమరావతి స్తూపం. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టించుకుంటుంటే ఆ దిబ్బలోని పాలరాళ్లు కట్టుబడికి పనికొచ్చాయి. ఆయనకు బౌద్ధం మీద పగ ఏముంటుంది? అది ఎవరి గుడో చెప్పేవాడే ఆనాటికి లేడు. దిక్కులేని గుడి రాళ్లగుట్టే అవుతుంది. కల్నల్ మెకంజీ వచ్చి చూసి బొమ్మలు గీయించబట్టి ఈమాత్రమైనా తెలిసింది. మిగిలిన శిల్పాలు చూడాలంటే చెన్నై మ్యూజియానికో లండన్‌కో పోవాలి.

రాజుల లెక్క వేరు. పక్కనే ఉన్న కొండపల్లి సంగతి తీసుకోండి. 15వ శతాబ్దం చివర బహమనీ సుల్తాను మూడో మహమ్మద్ షా అక్కడ గుడి కూలగొట్టి మసీదు కట్టమన్నాడని పర్షియన్ చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ఇది దాచాల్సిన పని లేదు. 1514లో కృష్ణదేవరాయలు ఉదయగిరి కోట గెలిచి గజపతుల బాలకృష్ణుణ్ణి హంపీకి తెచ్చుకున్నాడు. గుడి కట్టించి పూజ చేయించాడు. ఒకాయన పగలగొట్టాడు, ఒకాయన ఎత్తుకొచ్చి పూజించాడు. ఈ తేడా చిన్నది కాదు. అయినా ఇద్దరి కంటికీ ఆ గుళ్లోని దేవుడు ఓడినవాడి జెండాలాగే కనిపించాడు. జెండా దించితేనే గెలుపు పూర్తయినట్టు. రాజులు పోయారు, ఆ చూపు పోలేదు. 1992 డిసెంబరు 6న అయోధ్యలో గునపాలు పట్టినవాళ్లది కూడా ఆ చూపే.

ఈ చూపు ఊళ్లలో కూడా ఉంది. 2017లో భీమవరం దగ్గర గరగపర్రులో ఏం జరిగింది? చెరువు గట్టున దళితులు అంబేడ్కర్ విగ్రహం పెట్టుకుంటే అక్కణ్ణుంచి తీసేశారు. ఇదేమిటని అడిగినందుకు ఊరు వాళ్లను వెలివేసింది. చెరువు దగ్గర మిగతా విగ్రహాలు ఉండొచ్చట, ఆయన ఉండకూడదట! అక్కడ బరువైంది సిమెంటు బొమ్మ కాదండి. ఆ బొమ్మ వెనకాల తలెత్తుకు నిలబడ్డ మనుషులు.

ఉద్యమాల్లో ఉన్న కుర్రాళ్లు మరొకటి కూడా తెలుసుకోవాలి. 1963 సెప్టెంబరు 15న అమెరికాలో బర్మింగ్‌హామ్ పట్నంలో నల్లవాళ్ల బాప్టిస్టు చర్చిలో తెల్ల జాత్యహంకారులు బాంబు పెట్టారు. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. పెట్టినవాళ్లూ క్రైస్తవులమనే చెప్పుకునేవాళ్లు. మరి చర్చినే ఎందుకు ఎంచుకున్నారు? ఆ యేడు వసంతంలో పౌరహక్కుల ఊరేగింపులు బయల్దేరింది ఆ చర్చి మెట్ల మీంచే కనుక. అది ప్రార్థన చేసుకునే చోటే కాదు, మీటింగు హాలు కూడా. మొదటి నేరస్తుడికి శిక్ష పడింది 1977లో, చివరివాడికి 2002లో. చట్టం నడిచిన వేగం చూడండి!

కాబట్టి నా లెక్కలో దొంగను, మతి స్థిమితం లేనివాణ్ణి పక్కన పెడితే, ప్రార్థనా స్థలాన్ని తగలబెట్టేవాడి గురి దేవుడి మీద ఉండదు. దేవుణ్ణి ఎవడూ తగలబెట్టలేడని వాడికీ తెలుసు. గురి మనుషుల మీద. అందులోనూ రెండు రకాలు. ఒకడు "మీరు ఇక్కడ ఉండొద్దు" అని ఆ మనుషులకే చెప్పడానికి తగలబెడతాడు. రెండోవాడు ఇంకా తెలివైనవాడు. మిగతా పని పక్కింటివాడి చేత చేయించడానికి తగలబెడతాడు. వాడికి ఒక్క అగ్గిపుల్ల చాలు. తర్వాత విసరాల్సిన రాళ్లన్నీ మనం విసురుతాం.

అంతర్వేది గుర్తుందా? 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక లక్ష్మీనరసింహస్వామి రథం షెడ్డులోనే కాలిపోయింది. అరవై ఏళ్లు దాటిన టేకు రథం. ప్రతి యేడూ మాఘమాసంలో తాడు పట్టి లాగిన చేతులు గోదావరి జిల్లాల్లో ఎన్ని వేలున్నాయో! వాళ్ల కడుపుమంటను నేను తక్కువ చేయను. సీసీ కెమెరాలు పనిచేయడం లేదంటే కోపం రాదా? వస్తుంది. రావాలి కూడా. కానీ 8వ తేదీన నిరసనకు వచ్చినవాళ్లలో కొందరు ఏం చేశారు? అక్కడున్న చర్చి మీద రాళ్లేశారు. ఆ రోజుకు నిప్పు పెట్టిందెవరో ఎవరూ తేల్చలేదు. తేనెపట్టుకు పొగ పెట్టబోయి అంటుకుందేమోనన్న మాట కూడా అప్పుడు వినిపించింది. మరి ఆ చర్చి చేసిన నేరమేమిటి? దగ్గర్లో ఉండటం, అంతే. కేసు సీబీఐకి ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. 2021 ఫిబ్రవరికి కొత్త రథం కూడా తయారైంది. రాయేసిన కుర్రాళ్ల మీద మాత్రం కేసులు పడ్డాయి. వాళ్లు ఎవరి పిల్లలు? మనలాంటివాళ్ల పిల్లలు.

ఆ రోజుల్లో కరోనా కదా, అందరం ఇళ్లల్లో ఫోన్లు పట్టుకు కూర్చున్నాం. నా పాత స్టూడెంట్ ఒకడు నాకు వాట్సాప్‌లో ఒక మెసేజీ పంపాడు. రథం తగలబెట్టింది ఫలానా మతంవాళ్లేనని, పది మందికి పంపమని. చదువుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. వాక్యాలన్నీ నాకు తెలిసినవే. ఇరవై ఏళ్ల కిందట నా కరపత్రం ఎలా నడిచిందో ఇదీ అలాగే నడిచింది. ముందు బాధ, తర్వాత "ఇంకెవరు చేస్తారు" అనే ప్రశ్న, తర్వాత పేరు. నేను వెయ్యి కాపీలు వేయడానికి మూడు రోజులు పట్టింది. వాడికి మూడు నిమిషాలు.

డిసెంబరులో రామతీర్థం. బోడికొండ మీద కోదండరాముడి విగ్రహం తల నరికేశారు. తల కొలనులో దొరికింది. 2021 జనవరి 2న అధికారపక్షం నాయకుడూ, ప్రతిపక్ష నాయకుడూ ఒకేరోజు ఆ కొండకు బయల్దేరారు. కొట్లాట, కారు మీద రాళ్లు, నినాదాలు. రాముడి తల నరికిందెవరన్న మాట వెనక్కి పోయింది. ఎవరి కారు అద్దం పగిలిందన్నది ముందుకొచ్చింది. ప్రభుత్వం సిట్ వేసింది. కొన్ని కేసుల్లో రాజకీయ పార్టీల కార్యకర్తలున్నారని డీజీపీ ప్రకటించారు, ఆ పార్టీలు కాదన్నాయి. నేను ఎవరి పక్షమూ మాట్లాడటం లేదు. ప్రతి పార్టీకీ ఆ మంట దగ్గర చలి కాచుకునే అవసరం ఉందని మాత్రం చెబుతున్నా. ఇంకో సంగతి. 2016 కృష్ణా పుష్కరాలకు బెజవాడలో రోడ్ల కోసం పదుల సంఖ్యలో గుళ్లను బుల్డోజర్లతో తీసేశారు. అది చేసింది ప్రభుత్వమే. 2021లో మరో ప్రభుత్వం వచ్చి వాటిలో తొమ్మిదింటికి మళ్లీ శంకుస్థాపన చేసింది. గుడి కూలితే ఒక పార్టీకి లాభం, కడితే ఇంకో పార్టీకి లాభం. అర్చకుడికి జీతం వచ్చిందా లేదా అని అడిగే పార్టీ ఒక్కటీ లేదు.

హైదరాబాద్ మక్కా మసీదు సంగతి చెప్పకపోతే నా మాట ఒంటికన్ను మాట అవుతుంది. 2007 మే 18, శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకొందరు పోయారు. చనిపోయింది ముస్లిములు, పట్టుకుపోయి చితకబాదిందీ ముస్లిం కుర్రాళ్లనే. కోర్టు వాళ్లను వదిలేసింది. తర్వాత కేసు హిందూ తీవ్రవాదుల మీదికి తిరిగింది. 2018 ఏప్రిల్‌లో ఆ కోర్టూ సాక్ష్యాలు లేవని ఐదుగురినీ వదిలేసింది. మరి బాంబు పెట్టిందెవరు? మసీదులో చచ్చిపోయినవాళ్ల పెళ్లాంబిడ్డలకు జవాబు చెప్పిన కోర్టు లేదు. "ఇంకెవరు చేస్తారు" అని పోలీసులే అనుకుంటే ఇలాగే ఉంటుంది. టీ కొట్టు దగ్గర మనం అనుకుంటే ఒక రాయి. పోలీసులు అనుకుంటే ఒక తరం కుర్రాళ్ల బతుకు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. ఈ ప్రసంగం వేస్తామన్న పత్రికవాళ్లు ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాడినవాళ్లు. నేనూ ఆ డిమాండు న్యాయమైనదే అన్నవాణ్ణి. ఇదే జంక్షన్‌లో అందుకు తిట్లు తిన్నవాణ్ణి. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు ట్యాంక్‌బండ్ మీద అన్నమయ్యను, కృష్ణదేవరాయల్ని, జాషువాను పడగొట్టారు. అవి గుళ్లు కావు, నిజమే. ఆ విగ్రహాల వరసలో తెలంగాణ పెద్దలకు చోటు దక్కలేదన్న కోపమూ నిజమే. కానీ గబ్బిలం చేత శివుడికి దళితుడి మొర పంపిన కవి ఎవరి జెండా? ఆ రోజు నేను మన కుర్రాళ్లను ఏమీ అనలేదు. "ఆవేశంలో జరిగింది" అని ఊరుకున్నాను. ఆవేశంలో జరిగిందన్న మాట నా వాళ్లు చేస్తే వాడతాను, ఎదుటివాళ్లు చేస్తే "కుట్ర" అంటాను. ఉద్యమకారులం ఈ అలవాటు ఎప్పుడు మానుకుంటాం? రేపు గుడి దగ్గరో చర్చి దగ్గరో ఎవరైనా మనల్ని "మీరూ పగలగొట్టారుగా" అంటే జవాబు వెతుక్కోవాల్సి వస్తుంది.

చట్టం లేక కాదు. పాత శిక్షాస్మృతిలో 295 సెక్షన్ ఉండేది. 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 298 వచ్చింది. ప్రార్థనా స్థలాన్ని అపవిత్రం చేస్తే రెండేళ్లదాకా శిక్ష. కానీ నిందితుణ్ణి పట్టాలంటే మొదటి రోజు జాగ్రత్త కావాలి. మంట ఆరగానే వందల మంది బూడిద తొక్కేస్తారు, సెల్ఫీలు దిగుతారు, ఆనవాళ్లు పోతాయి. ఊళ్లో పెద్దలు చేయగలిగింది అక్కడ తాడు కట్టి జనాన్ని ఆపడం. రాత్రి పక్క మతం వాళ్ల గుడి దగ్గర పది మంది కాపలా పడుకోవడం. ఉద్యోగ సంఘాలు చేయగలిగింది దర్యాప్తు తేలేదాకా కరపత్రంలో పేర్లు పెట్టకపోవడం. ఇది నేను చెబుతుంటే నవ్వొస్తుంది కదా! నాకూ వస్తుంది.

చివరగా, అంతర్వేది గొడవ సద్దుమణిగాక నేను ఒక పని చేశాను. 2000లో నేను రాయాల్సిన రెండో కరపత్రం అప్పుడు రాశాను. అర పేజీయే. జూన్‌లో మేం ఫలానావాళ్ల పేర్లు పెట్టాం, అది తప్పని జూలైలోనే తెలిసింది, చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు అని. పట్టుకుని ఆ రోజుల్లో నాతో పనిచేసిన ఒక క్రైస్తవ మిత్రుడి ఇంటికి పోయాను. మంచం మీద ఉన్నారు ఆయన. కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా చదివారు. "ఆ ఏడు మా ఇంటిపక్క శర్మగారు నాతో మూణ్ణెల్లు మాట్లాడలేదు మాస్టారూ" అన్నారు. "మీ కరపత్రం నేనే పంచానని ఆయన అనుకున్నారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది."

ఆ కాగితం జిరాక్సులు ఈ బల్ల మీద పెట్టాను. కావలసినవాళ్లు తలా ఒకటి తీసుకోండి.